మూఢంలో విప్పని కూలర్ పెట్టె

మా ఇంట్లో కంప్యూటర్ కొనడమంటే పెళ్ళి సంబంధం కుదుర్చుకోవడం కంటే పెద్ద రగడ అయింది. సంబంధానికైతే పెద్దాళ్ళెవరో మధ్యలో కూర్చుని తేలుస్తారు. ఇక్కడ నేనూ మా బావా ఇద్దరమే, ఇద్దరమూ పట్టిన పట్టు విడవని రకం. బావ అంటే నా మొగుడే. మేనత్త కొడుకుని చేసుకున్నాను కాబట్టి పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే. అత్త కూడా అంతే, పుట్టినప్పటినుంచీ అత్తే.

నా పని పెళ్ళి వీడియోలు ఎడిటింగు చేయడం. కెమెరావాళ్ళు గంటల తరబడి తీసుకొచ్చి పడేసిన దాంట్లోంచి చూడదగ్గ సినిమా ఒకటి తయారుచేసి ఇవ్వడం. చాలాకాలం విశాఖపట్నంలో ఒక స్టూడియోలో చేశాను. ఇల్లేమో టెక్కలి దగ్గర. ముహూర్తాల సీజను వచ్చిందంటే ఇంటి మొహం చూసే తీరికే ఉండేది కాదు. పాప పుట్టాక కొన్నాళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ వెళ్ళిపోయాను. పాపని అత్తే పెంచింది. తినిపించడం, స్నానం చేయించడం, రాత్రి పక్కలో పడుకోబెట్టుకోవడం అన్నీ ఆవిడే. దాంతో పాప ఆవిడని "అమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది. నన్నేమో "విశాఖమ్మ" అనేది. ఊళ్ళో అందరూ ముద్దుముద్దుగా ఉందని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. తిరుగు ప్రయాణంలో బస్సెక్కి కూర్చున్నాక మాత్రం నవ్వు వచ్చేది కాదు.

అందుకే ఒక మూఢంలో ధైర్యం చేశాను. మూఢం అంటే మంచి ముహూర్తాలు లేని రోజులు, పెళ్ళిళ్ళు ఉండవు, కాబట్టి మా స్టూడియోలకి ఖాళీ. ఆ ఖాళీలో ఇంటికొచ్చి, ఇక ఇక్కడినుంచే పని చేస్తానని తేల్చి చెప్పేశాను. నరసన్నపేట ఫొటోగ్రాఫర్ ఒకాయన, మూఢం వెళ్ళగానే శ్రీముఖలింగంలో జరిగే పెళ్ళి ఒకటి నాకు అప్పగిస్తానన్నాడు. అది బాగా వస్తే సీజనంతా నీకేనమ్మా అన్నాడు. స్టూడియో యజమాని మంచివాడే, సీజను మొదలయ్యేదాకా నా కుర్చీ ఎవరికీ ఇవ్వనన్నాడు. అంటే, ఇంట్లో పెట్టే కంప్యూటర్ ఆ పెళ్ళికి నిలబడితే నేను పాప దగ్గర ఉంటాను. చేతులెత్తేస్తే మళ్ళీ విశాఖమ్మనే. విషయం అంత సూటిగా ఉంది.

ఇక చూడండి ప్రాసెసర్ గొడవ. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌కి బుర్రలాంటిది, అది ఎలాంటిదైతే మిషను అలా పనిచేస్తుంది. వాటిని చేసేవి రెండు పెద్ద కంపెనీలు. మేం పేర్లు పెట్టి కొట్టుకోవడం విని విని, అత్తకి అర్థం కావాలని ఎర్రది, నీలంది అని పిలుచుకోవడం మొదలుపెట్టాం. బావది ఎర్ర పార్టీ. అతను ప్రైవేటు స్కూల్లో లెక్కల మేష్టారు. వారమంతా పిల్లల మీద అరిచి, ఆదివారం స్నేహితులతో కలిసి కంప్యూటర్లో తుపాకులు పేల్చుకుంటాడు. ఎర్రదాంట్లో ఆటల కోసం ప్రత్యేకంగా జ్ఞాపకశక్తి ఎక్కువ పెట్టినది ఒకటి ఉందట, అందులో ఆట ఎక్కడా తడబడదట. నాకు నీలంది కావాలి. కెమెరాల నుంచి వచ్చే వీడియోలని ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ఆగిపోకుండా నడిపే భాగం దాని లోపలే ఉంటుంది. పైగా దానికి కోర్లు ఎక్కువ, అంటే ఒకేసారి పదిమంది కూలీలు చేలో దిగినట్టు పని తొందరగా తెములుతుంది.

"ఇంటిల్లిపాదికీ ఒకటే మిషను కదే, ఆటకీ పనికీ రెండింటికీ కుదరాల," అన్నాడు బావ.

"నీ ఆట ఆదివారం సాయంత్రం. నా పని మిగతా వారమంతా. తూకం వేసి నువ్వే చెప్పు, లెక్కల మేష్టారివి కదా," అన్నాను.

యూట్యూబులో విదేశీ అబ్బాయిలు చెప్పే పోలికలన్నీ ఇద్దరం చూశాం. ఎవరికి కావలసిన ముక్క వాళ్ళు ఏరుకుని ఒకరి మీద ఒకరం విసురుకున్నాం. ఒక్క సంగతి మాత్రం ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. ఆ అబ్బాయిలందరూ ఏసీ గదుల్లో కూర్చుని వేడి కొలుస్తున్నారు. మాకు ఏసీ లేదు. కంప్యూటర్ పెట్టాలనుకున్నది ముందుగదిలో, దానిపైన రేకులు. భావనపాడు సముద్రం గాలి వస్తే వస్తుంది, వచ్చినా ఉప్పునీ ఉక్కనీ వెంటబెట్టుకునే వస్తుంది. నీలం ప్రాసెసర్‌తో ఉన్న చిక్కల్లా అదే, గట్టిగా పని చేయిస్తే సలసలా కాగిపోతుంది. బావ అక్కడ దొరికించుకున్నాడు. సరే నీలందే కొందాం, కానీ దాన్ని చల్లబరిచే కూలర్ మాత్రం నేనే ఎంచుతాను అన్నాడు. నేను ఒప్పుకున్నాను, పోనీ మగాడి మాట కూడా ఒకటి నిలబడనీ అని.

అతను మొదట చూపించినది నీళ్ళ కూలర్. గొట్టాల్లో నీళ్ళు తిరుగుతూ వేడిని లాక్కుపోతాయన్నమాట. ఆ బొమ్మ అత్త కంట పడింది. చేతిలో చేట కింద పెట్టేసి వచ్చింది.

"ఏటీ, కరెంటు పెట్టెలో నీలు పోస్తారేటి? ఒరే, నీకు లెక్కలు సెప్పమని ఉజ్జోగం ఇచ్చినోడెవడురా?"

"పొయ్యడం కాదే అమ్మా, గొట్టాల్లోనే ఉంటాయి, బయటికి రావు."

"మన కుళాయి గొట్టం కూడా అలగే అన్నావు. మొన్న ఇల్లంతా ఎవలు తుడిసినారు?"

నీళ్ళ కూలర్ అక్కడితో పోయింది. చివరికి గాలి కూలర్ ఖాయమైంది. సన్నటి రేకులు దొంతరగా పేర్చి, రెండు ఫ్యాన్లు తగిలించిన కొబ్బరిబోండమంత దిమ్మ. ప్రాసెసర్, బోర్డు, మిగతా సామాను శ్రీకాకుళంలో తెలిసిన కంప్యూటర్ షాపులో తీసుకున్నాం. కూలర్ ఆ షాపులో లేక ఆన్‌లైన్లో తెప్పించాం. బిగించడం తన చేత్తోనే జరగాలని బావ పట్టుబట్టాడు. పాపం, ఎన్నాళ్ళనుంచో ఉన్న సరదా.

పెట్టెలన్నీ ఇంటికి చేరాయి. నేను కత్తెర పట్టుకుని కూర్చున్నాను. అత్త వచ్చి కత్తెర లాక్కుంది.

"కొన్నారు, సరే. ఇప్పడానికి మట్టుకు ఈల్లేదు. మూఢం ఎల్లనీ."

"అత్తా, ఇదేమన్నా పెళ్ళికూతురా, మూఢం చూడ్డానికి?"

"నువ్వు సేసేది పెల్లి పనే కదేటి? దానికే మూఢమైతే దీనికి కాదా?"

బావ వైపు చూశాను. అమ్మ ముందు అతను ఎప్పుడూ గంగిరెద్దే, బుద్ధిగా తలూపాడు. పెట్టెలన్నీ దేవుడి గదిలోకి వెళ్ళాయి. అత్త ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. కూలర్ పెట్టె అన్నిటికంటే పెద్దది కాబట్టి దానికి రెండు బొట్లు పడ్డాయి. పాప వెళ్ళి దాన్ని తట్టి చూసి, లోపలేమున్నాదని అడిగింది. దేవుడి సామాను, ముట్టుకోకే గుంటా అంది అత్త. పోనీలే, ఎలాగూ పెళ్ళిళ్ళు లేవు, ఈ నాలుగు రోజులూ పాపతో ఆడుకుందాం అనుకున్నాను. పెళ్ళి సామాను కొని మూఢం దాటేదాకా మూట విప్పని ఇళ్ళు మా వైపు ఎన్నో ఉన్నాయి. అదేమీ వింతగా అనిపించలేదు.

మూఢం దాటింది. అత్త చెప్పిన వేళకి కొబ్బరికాయ కొట్టి పెట్టెలు విప్పాం. బావ చొక్కా చేతులు మడిచి, బోర్డు మీద ప్రాసెసర్ పెట్టి, ఊపిరి బిగబట్టి దాన్ని పట్టి ఉంచే మీట నొక్కాడు. అంతవరకూ బ్రహ్మాండం. తర్వాత కూలర్ తీశాడు. దాన్ని బోర్డుకి బిగించడానికి ఇనుప పట్టీలు ఉంటాయి, ఒక్కో కంపెనీ బోర్డుకి ఒక్కో కొలత. పెట్టెలో ఎర్రదాని పట్టీలు ఉన్నాయి. పాత నీలందాని పట్టీలు ఉన్నాయి. మా కొత్త నీలందాని పట్టీలు లేవు. పెట్టె బోర్లించాం, దులిపాం, అట్టముక్కలు చింపి చూశాం. లేవు. ఆన్‌లైన్‌వాళ్ళు గోడౌన్లో చాలాకాలం పడి ఉన్న పాత సరుకు మాకు అంటగట్టారన్నమాట.

వెనక్కి పంపేద్దామని ఫోన్లో చూశాం. వెనక్కి తీసుకునే గడువు అయిపోయింది. మా కూలర్ దేవుడి గదిలో బొట్లు పెట్టుకుని కూర్చున్న రోజుల్లోనే అయిపోయింది. చేసిన కంపెనీకి రాస్తే, పట్టీ విడిగా పంపుతాం, రావడానికి కొంత కాలం పడుతుంది అని జవాబిచ్చారు. పెళ్ళి ఆగుతుందా? శ్రీముఖలింగం పెళ్ళి అయిపోయింది, ఫొటోగ్రాఫర్ హార్డ్‌డిస్క్ తెచ్చి చేతిలో పెట్టేశాడు. పదహారు రోజుల పండక్కి చుట్టాలందరూ కూడతారు, ఆ రోజు టీవీలో వేసుకోవాలి, అది గడువు.

"తీగెట్టి కట్టేద్దునేటి?" అన్నాడు బావ.

"కట్టు. దాంతోపాటు నన్ను కూడా కట్టి విశాఖ బస్సెక్కించు," అన్నాను. ఒళ్ళు మండిపోయింది నాకు. అత్త గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆవిడని ఒక్క మాట అనలేదు. కానీ నా మొహం నా మాట ఎప్పుడు విన్నది గనక.

శ్రీకాకుళం షాపాయన కాస్త ఆదుకున్నాడు. ఎవరిదో ఆఫీసు కంప్యూటర్‌లోంచి తీసిన చిన్న కూలర్, అరచేతిలో పట్టేది, మా బోర్డుకి సరిపోయేది ఇచ్చాడు. అది పెట్టి మిషను వెలిగించాం. వెలిగింది. పెళ్ళి వీడియో ఎక్కించి పని మొదలుపెట్టగానే ఆ బుల్లి ఫ్యాను పిండిమర లాగా అరవడం మొదలుపెట్టింది. పైన రేకులు కాలుతున్నాయి, కింద ప్రాసెసర్ కాలుతోంది. వేడి పెరిగితే అది తనని తాను కాపాడుకోవడానికి పని నెమ్మది చేసేస్తుంది. పెళ్ళికొడుకు చేయి ఎత్తి జీలకర్ర బెల్లం పెడుతుంటే మధ్యలో చేయి అలాగే ఆగిపోయేది. నేను మంచినీళ్ళు తాగి వచ్చేసరికి కూడా చేయి దిగేది కాదు. షాపాయనకి ఫోన్ చేస్తే, సెట్టింగుల్లోకి వెళ్ళి ప్రాసెసర్ తాగే కరెంటు తగ్గించమన్నాడు. పరుగు కొంచెం తగ్గినా వేడి బాగా తగ్గుతుందన్నాడు. తగ్గించాం, కొంత మెరుగు. అప్పుడాయన అడిగాడు, గది సల్లగా ఉందామ్మా అని. ఏం చెప్పను?

సరిగ్గా ఆ మధ్యాహ్నమే స్టూడియో యజమాని ఫోన్ చేశాడు. సీజను ముంచుకొచ్చిందమ్మా, కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది, వస్తున్నావో లేదో చెప్పు అన్నాడు. రేపు చెప్తానండీ అన్నాను. పాప గుమ్మం దగ్గర కూర్చుని బొమ్మకి జడ వేస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"విశాఖమ్మా, మల్లీ ఎప్పుడొస్తావు?"

నేనింకా వెళ్ళనే లేదు. లేచి పెరట్లోకి పోయి ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ అత్త మీద కూడా ఒక పాడు ఆలోచన వచ్చింది. నేను విశాఖ వెళ్ళిపోతే పాప ఎవరికి మిగులుతుంది?

మొహం కడుక్కుని లోపలికి వచ్చేసరికి ఉత్తరం వైపు గదిలో మంచం ఈడుస్తున్న చప్పుడు. అది అత్త గది. ఇంట్లో అదొక్కటే పాతకాలం నాటిది, మట్టిగోడలు, పైన పెంకు, దాని కింద చెక్క అటక. ధాన్యం బస్తాలు అందులోనే వేస్తారు. మే నెల ఎండలో కూడా గడప దాటి లోపలికి అడుగు పెడితే ఒంటికి చల్లగా తగులుతుంది. అత్తా పాపా పడుకునేది ఆ గదిలోనే. ఆవిడ బస్తాలు గోడవారకి జరిపేసి, తన ట్రంకు పెట్టె బయటికి లాగేసి, కొంగు నడుముకి దోపుకుని మంచం కోళ్ళు విప్పుతోంది.

"అత్తా, ఏం చేస్తున్నావు?"

"కనపడ్డం నేదేటి? గది కాలీ సేస్తన్నాను. నీ పెట్టె ఇక్కడెట్టు. సల్లగా ఉంటాది."

"మరి నువ్వు?"

"ముందుగదిలో తొంగుంటాను. రేకుల కింద మనుషులు తొంగోరేటి?" అని, విప్పిన కోడు గోడకి ఆనించి నా వైపు తిరిగింది. "నీ కోపం నాకు తెల్దనుకోకే. గుంట నన్ను ఒగ్గేస్తాదని నానే మూఢం వొంక పెట్టినానని అనుకుంటన్నావు. అనుకో. నీ మొహం నిండా అదే ఉన్నాది. మూఢం మూఢమే. మంచి జరగాలనే ఆపినాను. అది అడ్డం తిరిగితే ఏటి సేస్తాను?"

వెళ్ళి మంచం రెండో పక్క పట్టుకున్నాను.

"గుంట మట్టుకు ఈ గదిలో తప్ప నిద్దరోదు," అంది మంచం ఎత్తుతూ. "దానికి అలవాటు. ఇక్కడే ఉంటాది, నీ కాడ."

అన్నాక గబగబా తల తిప్పేసుకుంది. ఆవిడ ఇస్తున్నది గది ఒక్కటే కాదని నాకు తెలుస్తూనే ఉంది.

ఆ గదిలో ధాన్యం బస్తాల పక్కన బల్ల వేసి మిషను పెట్టాం. నమ్ముతారో లేదో, మర్నాడు అది మనిషి మాట విన్నట్టు విన్నది. పెళ్ళికొడుకు చేయి ఎత్తడమూ దించడమూ ఒక్క ఊపులో అయిపోయింది. నాకు నవ్వొచ్చి, పెట్టెకి దండం పెట్టాను. స్టూడియో యజమానికి ఫోన్ చేసి, కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చేయండి సార్ అని చెప్పేశాను. పగలంతా పని, పక్కన చాప మీద పాప. దానికి సన్నాయి వినపడితే చాలు వచ్చి తెర ముందు నిలబడేది. "ఈ అక్క ఎందుకేడుస్తంది?" అని అప్పగింతల పెళ్ళికూతురిని చూపించి అడిగేది. ఏం చెప్పాలో తెలియక, కంట్లో పొగపడింది అనేదాన్ని. అత్త అప్పుడప్పుడు మజ్జిగ పట్టుకొచ్చి ఇచ్చి, గదిలో నిలవకుండా వెళ్ళిపోయేది. ముందుగదిలో ఉక్కకి ఆవిడ విసనకర్ర ఆడుతూనే ఉండేది. ఆ చప్పుడు నాకు వినపడుతూనే ఉండేది.

శ్రీముఖలింగం పెళ్ళి సినిమా పండగ వేళకి అందింది. వంశధార ఒడ్డున పెళ్ళికూతురు నడిచొచ్చే ముక్క దగ్గర ఇంటిల్లిపాదీ మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పించుకున్నారట. ఫొటోగ్రాఫర్ ఫోన్ చేసి, తర్వాతి పెళ్ళి హార్డ్‌డిస్క్ ఎప్పుడు పంపమంటావమ్మా అన్నాడు. అంతే, అంతకంటే మెచ్చుకోలు నాకు అక్కర్లేదు. నేను గట్టిగా అరిచిన అరుపుకి బావ స్నానాల గదిలోంచి సబ్బుతో పరిగెత్తుకొచ్చాడు.

ఆ తర్వాత కంపెనీ పంపిన కూలర్ పట్టీ కూడా వచ్చింది. బావ ముచ్చట తీరా పెద్ద కూలర్ బిగించాడు. తగ్గించిన కరెంటు తిరిగి పెంచాం, ఫ్యాను తిరుగుతోందో లేదో చెవి పెట్టి వినాలి, అంత నెమ్మది. ఆదివారం సాయంత్రం తన ఆట పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడైనా తడబడిందా అని అడిగాను. కళ్ళు తెర మీదనుంచి తీయకుండా, "మీ నీలంది పరవాలేదే," అన్నాడు. ఆ ఒక్క మాట కోసం నేను ఎర్ర కంపెనీకి ఎన్ని శాపాలు పెట్టానో.

ఇక పెద్ద కూలర్ ఉంది కాబట్టి మిషను ముందుగదిలోకి వెళ్ళినా ఓర్చుకుంటుంది. ఆ మాటే అత్తతో చెప్పాను, నీ గది నువ్వు తీసుకో అని. చింతపండు గింజలు తీస్తూ వద్దంది. ఎందుకు వద్దని గట్టిగా అడిగితే, గుంటకి ఆ పెట్టె చప్పుడు అలవాటైపోయింది, అది లేకపోతే లేస్తాది అంది. ఆ చప్పుడు చెవి పెట్టి వింటే గానీ వినపడదని చెప్పినా వినలేదు.

ఆ మధ్యాహ్నం పాప గదిలో నిద్రపోతోంది. నేను గడప మీద కూర్చుని అత్తకి గింజలు తీయడంలో సాయం చేస్తున్నాను. లోపలి నుంచి నిద్రమత్తులో పిలుపు వచ్చింది.

"అమ్మా!"

"ఆఁ," అన్నాం ఇద్దరమూ ఒకేసారి. నేను అలవాటు కొద్దీ తగ్గి, దారి ఇవ్వడానికి పక్కకి ఒదిగాను. అత్త లేవలేదు. చింతపండు పళ్ళెం వైపే చూస్తోంది.

"నిన్నేనే. ఎల్లు."

"నన్నా?"

"నన్ను నానమ్మంతంది ఇప్పుడు. రేకుల కింద కూకోబెట్టుకుని రోజూ నానే నేర్పినాను," అంది. "నీ పని కుదురుకున్నాది కదేటి."

పాప మళ్ళీ పిలిచింది. చింతపండు చేతులతోనే లోపలికి పరిగెత్తాను.